కొర్రల మిషనూ మా బామ్మర్ది ఊపిరీ

మేము కొర్రల మిషన్ పెడతామన్నప్పుడు ఊళ్ళో వాళ్ళు మాకు చాలా భయాలు చెప్పారు. కరెంటు నిలవదన్నారు. ఈ కాలంలో కొర్రలు పండించేదెవరన్నారు. పండించినా, కోటా బియ్యానికి అలవాటుపడ్డ నోళ్ళు మళ్ళీ కొర్రన్నం ముట్టవన్నారు. మా నాయన మాత్రం వీటన్నిటినీ వదిలేసి ఒకటే మాట అన్నాడు.

"సుట్టాలిద్దరు కలిసి పెట్టిన పని యాడన్నా నిలబడిందారా? ఏడాదికి కొట్లాడుకుంటారు. ఆమీద ఇంటికీ ఇంటికీ మాటలుండవు."

కరెంటు మరీ ఇబ్బంది పెట్టలేదు. కొర్రలు వచ్చాయి. తినేవాళ్ళూ వచ్చారు. మేమిద్దరం ఒక్కసారి కూడా కొట్లాడుకోలేదు. మా పని చెడింది వేరే దానివల్ల. దాని గురించి ఊళ్ళో ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం ఒకాయన చెప్పాడు, నేనే వినిపించుకోలేదు. ఆ సంగతి తర్వాత రాస్తాను.

మాది ఓర్వకల్లు దగ్గర చిన్న పల్లె. నేను కర్నూలులో డిగ్రీ చదివి, నాలుగేళ్ళు గదిలో ఉండి ఉద్యోగం పరీక్షలు రాశాను. ఒకసారి రెండు మార్కులతో పోయింది, ఇంకోసారి ఎంతతో పోయిందో చూసుకోవాలని కూడా అనిపించలేదు. గది ఖాళీ చేసి ఊరికి వచ్చేశాను. అప్పటికే మా మేనమామ కొడుకు ఊళ్ళో ఉన్నాడు. నాకంటే రెండేళ్ళు చిన్న, వరసకు బామ్మర్ది. మామ చిన్నప్పుడే పోయాడు. అత్త కూలికి పోయి ఇద్దరు పిల్లల్ని సాకింది. కూతురిని కడపలో ఇచ్చింది. కొడుకు ఐటీఐ చేసి ఓర్వకల్లు విమానాశ్రయం పక్కన కడుతున్న ఫ్యాక్టరీల్లో కొన్నాళ్ళు కాంట్రాక్టు కూలీగా పోయి, అది ముగిశాక ఇంటి దగ్గరే ఉన్నాడు. నేను పుస్తకాల సంచీతో బస్సు దిగిన రోజున స్టాపులో నాకోసం నిలబడి ఉన్నది వాడే. "వచ్చేసినావా బావా, మంచిదైంది. నాకూ ఒక్కనికి తోచల్యా" అన్నాడు. ఓడిపోయి వచ్చినవాణ్ణి అట్లా పలకరించినవాడు ఊరంతటికీ వాడొక్కడే.

మిషన్ ఆలోచన వాడిదే. అత్తకు తెలిసిన ఒక టీచరమ్మ కర్నూలులో ఉండేది. ఆమెకు షుగరు. కొర్రబియ్యం కావాలని అడిగేది. అత్త తన ఎకరంలో పండిన కొర్రల్ని రోట్లో వేసి దంచి, చేటతో చెరిగి, మళ్ళీ దంచి, మళ్ళీ చెరిగి, పూటంతా కూర్చుంటే నాలుగు శేర్లు తేలేవి. కొర్ర గింజ మీద పొట్టు వరి మాదిరి ఊడిరాదు. గింజ ఆవగింజంత, పొట్టు దాన్ని పట్టుకుని వదలదు. మా చుట్టుపక్కల ఉన్నవన్నీ పిండి మరలే. కొర్రల పొట్టు తీసే మిషన్ కావాలంటే బస్సు మారి చాలా దూరం పోవాలి.

ఒకరోజు అత్త చేతులు బొబ్బలెక్కి ఉంటే వాటి వైపు చూస్తూ వాడన్నాడు.

"బావా, మనమే ఒకటి పెడితే ఎట్లుంటాది?"

"ఏమి పెడితే?"

"మిషను. కొర్రలు, సామలు, అరికెలు ఆడిచ్చేది. మన కాడ గింజ ఉండాది. టౌన్లో తినేటోళ్ళు ఉండారు. నడాన మిషనే లేదు."

అంతకంటే పెద్ద లెక్కలు మేము వేసుకోలేదు. పల్లె యువకులకు ధాన్యం ఆడించే పని నేర్పించే శిక్షణ ఒకటి కడపలో ఉందని తెలిసి ఇద్దరం పోయి చేరాము. ఆరు వారాలు. మా బామ్మర్ది అక్క ఇంట్లోనే ఉన్నాము. పొద్దున అక్క కట్టిచ్చిన సద్ది తీసుకుని బస్సెక్కేవాళ్ళం. అక్కడ గింజలో తేమ ఎంత ఉండాలి, రాయి ఎట్లా వేరుచేయాలి, బెల్టు తెగితే ఏం చేయాలి, అన్నీ నేర్పారు. దుమ్ము గురించి కూడా ఒక పూట చెప్పారనే గుర్తు. నేను ఆ పూట పక్కవాడితో మాట్లాడుతూ ఉన్నాను.

రోడ్డు పక్కన మాకు ఒక చిన్న రేకుల షెడ్డు దొరికింది. వెనక రాళ్ళ గుట్ట, ముందర వేపచెట్టు. బ్యాంకు అప్పు వచ్చాక మూడు మిషన్లు దిగాయి. ఒకటి రాళ్ళూ మట్టీ తీసేది, ఒకటి పొట్టు తీసేది, ఒకటి నూకనూ బియ్యాన్నీ వేరుచేసేది. బిగించడానికి వచ్చిన మెకానిక్ పెద్దాయన, చాలా ఊళ్ళు తిరిగినవాడు. పని అయిపోయాక షెడ్డు వెనక గోడకు పెట్టిన గొట్టం చూపించి నాతో అన్నాడు.

"ఇది ఇట్ల గోడ దాటి ఇడిస్తే సరిపోదప్పా. రేకులమీదికి ఎత్తల్ల. మూతికి గుడ్డసంచి కట్టల్ల. లేకుంటే గాలి మళ్ళిందనుకో, ఊదినదంతా లోపలికే వస్తాది."

"ఇప్పుడే కావల్నా?" అన్నాను.

"కావల్నంటే కావల్ల. మీ ఇష్టం."

అప్పటికి చేతిలో ఉన్నదంతా అయిపోయింది. "ఈ పంటకు ఇట్లనే పోనీరా, వచ్చే పంటకు ఎత్తిద్దాం" అని మా బామ్మర్దితో అన్నాను. వాడు సరే అన్నాడు. నేనేమన్నా వాడు సరే అనేవాడు. ఆ మాట నేనే అన్నానని ఇప్పటికీ ఎవరికీ తెలియదు. వాడికి తెలుసు, కానీ ఎప్పుడూ ఎత్తలేదు.

మొదటి ఏడాది మా ఇద్దరి జీవితంలో మంచి ఏడాది. మొదటి వారం అత్తే తన కొర్రలు తెచ్చి తొట్టిలో పోసింది. కింద నుంచి పసుపుపచ్చని బియ్యం జారుతుంటే చెయ్యి పెట్టి పట్టుకుని, "ఇంతేనా? ఇంతలోకే అయిపోయనా?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "నలభై ఏండ్లు దంచితి గదప్పా" అంది.

ఆ తర్వాత పక్క ఊళ్ళ నుంచి కూడా రావడం మొదలైంది. ఆటోల్లో, బండ్ల మీద, నెత్తిన మూటలతో వచ్చేవాళ్ళు. వేపచెట్టు కింద కూర్చుని తమ వంతు వచ్చేదాకా కబుర్లాడుకునేవాళ్ళు. నేను కాగితాలు, కర్నూలు అంగళ్ళు, ప్యాకెట్లు చూసుకునేవాణ్ణి. మిషన్లన్నీ వాడి చేతిలో ఉండేవి. వాడు మూట విప్పగానే నాలుగు గింజలు పంటికింద వేసుకునేవాడు. టక్కుమంటే తొట్టిలో పోసేవాడు. మెత్తగా నలిగితే మూట మళ్ళీ కట్టి, "పెద్దమ్మా, ఇంగ రెండు దినాలు ఎండబెట్టుకోని రా. ఇప్పుడాడిస్తే నూకే మిగులుతాది. నాకు నీ కూలి వస్తాది గానీ నీకు బియ్యం రావు" అని పంపేసేవాడు. గిరాకీని వెనక్కి పంపుతున్నాడని నేను మొదట్లో గొణిగాను. వెనక్కి పోయినవాళ్ళు తప్పకుండా మళ్ళీ వచ్చేవాళ్ళు, వచ్చేటప్పుడు ఇంకొకరిని తోడు తెచ్చేవాళ్ళు. అందుకని గొణగడం మానేశాను.

మరుసటి వానలకు మా చుట్టుపక్కల కొర్ర వేసిన చేలు కనిపించాయి. పత్తి వేసే మడుల్లో ఒక మూల ఎకరం, అరెకరం. "ఏమప్పా, కొర్ర ఏసినావు?" అని ఒకాయనను అడిగితే, "మీరు మిషను పెట్టినారు గదా, దంచే బాధ లేదని ఏసినా" అన్నాడు. ఆ మాట మా బామ్మర్దికి చెప్తే వాడు ఆ రోజంతా ఈల వేస్తూనే పనిచేశాడు.

వాడికి దగ్గు ఆ ఆషాఢంలోనే మొదలైంది.

మా వైపు ఆషాఢం గాలి పడమర నుంచి రోజంతా కొడుతుంది. తలుపులు కొట్టుకుంటాయి, వేసిన రేకులు లేస్తాయి. మా గొట్టం పడమటి గోడకే ఉంది. మిషన్ ఊదిన పొట్టూ నూగూ అట్లా బయటికి పోయినట్టే పోయి గాలితో వెనక్కి తిరిగి రేకుల సందుల్లోంచి లోపలికి వచ్చేది. షెడ్డులో పది అడుగుల దూరంలో మనిషి మసకగా కనిపించేవాడు. కొర్ర నూగు ఒంటికి తగిలితే దురద. మేము నవ్వుకుంటూ గోక్కునేవాళ్ళం. సాయంత్రం ఇద్దరం వేపచెట్టు కింద నీళ్ళు పోసుకుంటే సరిపోతుందనుకున్నాం.

"ఏమిరా, దగ్గుతాండావు?"

"నీళ్ళు మారినాయిలే బావా."

ఊళ్ళోనే పుట్టి ఊళ్ళోనే ఉన్నవాడికి నీళ్ళెక్కడ మారాయి? అప్పుడు ఆ ప్రశ్న నాకు రాలేదు. అత్త మిరియాల కషాయం పెట్టింది, శొంఠి పెట్టింది. తగ్గింది. వాడు రెండు రోజులు పని లేక ఇంట్లో ఉన్నప్పుడు తగ్గిందని, మళ్ళీ షెడ్డుకు రాగానే తిరగబెట్టిందని మాకు అప్పుడు అర్థం కాలేదు. కొర్ర కోతలు అయిపోయి కొత్త గింజ రావడం మొదలయ్యేసరికి వాడు మెట్టు ఎక్కినా ఆగేవాడు. ఒకరోజు నేను కర్నూలు నుంచి వచ్చేసరికి మిషన్ తిరుగుతోంది, వాడు లేడు. వెనకకు పోయి చూస్తే గుట్ట రాతి మీద రెండు చేతులు మోకాళ్ళకు ఆనించి కూర్చుని ఉన్నాడు. భుజాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి. నన్ను చూసి లేచి నిలబడి, ఏదో పని మీద బయటికి వచ్చినవాడిలా గొట్టం వైపు చూశాడు.

"ఏమైందిరా?"

"ఏమీ కాలే. గాలికి వచ్చినా."

"డాక్టరుకు చూపిద్దామా?"

"కోతలు కానీ బావా. మూటలు సూడు, యాడిదాంక ఉండాయో. ఇప్పుడు యాడికి పోతాం?"

మూటలు నిజంగానే వేపచెట్టు దాటి రోడ్డుదాకా ఉన్నాయి. సరేలే అన్నాను.

వారం తిరగకుండానే జరిగింది. పొద్దున పది గంటలప్పుడు. సామలు తెచ్చిన ఒకామె మూట తొట్టిలో పోస్తున్నాడు. పోస్తూ పోస్తూ మూట వదిలేశాడు. గింజలన్నీ నేలమీద పడ్డాయి. నేను వాడు జారిపడ్డాడనుకున్నాను. గోడ పట్టుకుని బయటికి నడిచి, వేపచెట్టు మొదట్లో కూలబడ్డాడు. నోరు తెరిచి గాలి లాగుతున్నాడు. లోపలికి పోయే గాలికంటే చప్పుడే ఎక్కువ ఉంది, పిల్లనగ్రోవి ఊదినట్టు సన్నగా. పెదవులు నల్లబడుతున్నాయి. నా వైపు చూసి ఏదో చెప్పబోయాడు. రెండు మాటలు కలపలేకపోయాడు.

చుట్టూ జనం చేరారు. ఒకరు వేడినీళ్ళు తాపమన్నారు. ఒకరు వీపు రుద్దమన్నారు. ఒక పెద్దాయన, "కడప దర్గాకు మొక్కుకోండప్పా, ముందు మొక్కుకోండి" అన్నాడు. నేను మొక్కుకున్నాను, వీపు రుద్దాను, నీళ్ళు తాపబోయాను. ఎవరేది చెబితే అది చేశాను. అంబులెన్సుకు ఫోన్ చేస్తే బయల్దేరుతోందన్నారు. ఎంతసేపని కూర్చోవాలి? బండి తీశాను. వాణ్ణి నా వెనక కూర్చోబెట్టాను, వాడి వెనక సామలు తెచ్చినామె మొగుడు కూర్చుని పట్టుకున్నాడు.

కర్నూలు అంత దూరమని అంతకుముందు నాకు తెలియదు. వారానికి నాలుగుసార్లు పోయే రోడ్డే. వాడి గడ్డం నా భుజం మీద ఆనింది. ఆ చప్పుడు నా చెవి పక్కనే. చప్పుడు వినపడుతుంటే భయం, తగ్గితే ఇంకా భయం. "ఉండాడా? ఉండాడా?" అని వెనకాయనను అరుస్తూనే ఉన్నాను. "ఉండాడు, నువ్వు ముందర సూసుకోని పో" అని ఆయన అరుస్తూ వచ్చాడు.

పెద్దాసుపత్రిలో వాడిని మంచం మీద పడుకోబెట్టనివ్వలేదు, కూర్చోబెట్టే ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. సూది వేశారు. గంట తర్వాత భుజాలు ఆడడం తగ్గింది. నా చొక్కా, తల, కనుబొమ్మలు అంతా తెల్లటి నూగు. నర్సు నన్ను చూసి వరండాలోకి పొమ్మంది. అత్త బస్సులో వచ్చేసరికి మధ్యాహ్నమైంది. వచ్చి కొడుకును చూసి, బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. ఏదైనా అంటుందేమోనని, అంటే బాగుండుననీ చూశాను. కొంగుతో నా తలమీది పొట్టు దులిపింది.

మూడోరోజు డాక్టరమ్మ నన్ను పిలిచి ఏం పని చేస్తాడని అడిగింది. చెప్పాను. పని లేని రోజుల్లో తగ్గుతుందా అని అడిగింది. అప్పుడు నాకు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది.

"గింజల దుమ్ము అతని ఊపిరితిత్తులకు పడటం లేదు. లోపల గాలి గొట్టాలు బిగుసుకుపోతున్నాయి. మందులు వాడితే మామూలుగానే ఉంటాడు. కానీ మిల్లులోకి పోకూడదు."

"ఎన్ని రోజులమ్మా?"

"రోజులు కాదు. ఇక పోకూడదు."

"ముక్కుకు గుడ్డ కట్టుకుంటే?"

ఆమె కాగితం మీద రాస్తున్నది ఆపి నా వైపు చూసింది. "ఈసారి తీసుకొచ్చారు. ప్రతిసారీ సమయానికి తీసుకురాగలనని మీకు నమ్మకముందా?" అంది.

వారంలో నేను గొట్టం రేకులమీదికి ఎత్తించాను. మూతికి గుడ్డసంచి కట్టించాను. సందులన్నీ మూయించాను. కిటికీకి ఫ్యాను పెట్టించాను. షెడ్డులో మనిషికి మనిషి స్పష్టంగా కనిపించాడు. అప్పుడెప్పుడో చేయాల్సిన పని రెండు రోజుల్లో అయిపోయింది. వాడు వచ్చి గుమ్మం బయట నిలబడి చూశాడు. "ఇప్పుడేముండాది బావా, దుమ్మే లేదు గదా. రెండు గుడ్డలు కట్టుకుంటా" అన్నాడు. వద్దన్నాను. వినలేదు. నేను గట్టిగా పట్టుబట్టలేదేమో కూడా. వాడు వస్తే బాగుండునని నాకూ ఉంది. ముక్కుకు మూతికి మందపాటి మాస్కు కట్టుకుని, జేబులో పీల్చే మందు పెట్టుకుని లోపలికి వచ్చాడు. అరగంట కూడా కాలేదు. ఈసారి వాడే ముందుగా బయటికి నడిచి, మందు పీల్చి, చెట్టుకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. పది నిమిషాలకు సర్దుకుంది. కళ్ళు తెరవకుండానే, "ఇంగ రానులే బావా" అన్నాడు.

ప్యాకెట్లు కట్టే పని ఇంట్లో చేస్తానన్నాడు. బియ్యమే కదా, పొట్టు లేదు కదా అనుకున్నాం. సంచి విప్పగానే దగ్గు పట్టుకుంది. అంగళ్ళకు తిరుగుతానన్నాడు. ఆ అంగళ్ళన్నీ గింజల అంగళ్ళే, ముందర తెరిచిన బస్తాలే. వాడికి చేతయిన పని, వాడు ఇష్టపడ్డ పని, ఆ పని చుట్టూ ఉన్న ప్రతి పనీ వాడికి మూసుకుపోయింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఒక సాయంత్రం మిల్లు నుంచి నేరుగా వాళ్ళింటికి పోయి వాడి పక్కన మంచం మీద కూర్చున్నాను. మాట్లాడుతూ ఉండగానే వాడికి దగ్గు మొదలైంది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. వాడు కొంచెం అటు జరిగాడు. నేనే లేచి బయటికి వచ్చాను. ఆ తర్వాత తలకు పోసుకుని, చొక్కా మార్చుకుని, అప్పుడే వాళ్ళింటికి పోయేవాణ్ణి. అయినా చెవుల వెనకో, గోళ్ళలోనో ఎక్కడో మిగిలి ఉంటుందని భయం. అరుగు మీద దూరంగా కూర్చునేవాణ్ణి. చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్ళం.

రెండు నెలలు ఇట్లా గడిచాక వాళ్ళ అక్క వచ్చి కడపకు తీసుకుపోయింది. ఆఫీసుల దగ్గర ఒక జిరాక్సు అంగట్లో పని చూశారు. పోయే రోజు నేను స్నానం చేసి బస్సు స్టాపుకు పోయాను. వాడి చేతిలో చిన్న సంచి. "నీ వాటా సంగతి..." అని నేను మొదలుపెట్టబోతే, "అవన్నీ ఇప్పుడేంటికి బావా" అన్నాడు. బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, "సామలు తేమగుంటే తొందరపడొద్దు. ఎండబెట్టుకోని రమ్మను" అని చెప్పాడు. ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, బస్సు కదిలింది.

తొందరపడకూడదని తెలుసు, కానీ నాకు ఆ చెయ్యి లేదు. గింజ పంటికింద వేసుకుంటాను. టక్కుమందో లేదో నాకు తేలదు. వాడున్నప్పుడు రాని నూక ఇప్పుడు వస్తోంది. పొట్టు పూర్తిగా ఊడక మళ్ళీ మళ్ళీ తిప్పాల్సి వస్తోంది. ఆడవాళ్ళు చేట మీద పోసుకుని చూసుకుని, మొహమాటానికి ఏమీ అనకుండా మూట కట్టుకుని పోతారు. ఒకామె మాత్రం, "ఆ పిల్లోడు ఉన్నప్పుడు ఇట్ల రాలేదప్పా" అంది. తర్వాత నాలుక కరుచుకుంది.

పనికి ఊళ్ళోనే యాభై దాటిన ఒకాయనను పెట్టుకున్నాను. మాస్కు ఇస్తే గడ్డం కిందికి లాక్కుంటాడు. "పుట్టినప్పటి నుంచి దుమ్ములోనే ఉండాం, ఇప్పుడు మూతికి గుడ్డ ఏంది?" అని నవ్వుతాడు. చెప్పి చెప్పి విసిగిపోయాను. ఆయన ఒక్కసారి దగ్గితే నేను మోటరు ఆపేస్తాను. ఆయన ఎందుకాపావంటాడు. పొలం పోయినా దుమ్మే, కంకర క్వారీకి పోయినా దుమ్మే. ఇక్కడ కాకపోతే ఇంతకంటే చెడ్డ దుమ్ములోకి పోతాడు. నన్ను నేను సమాధానపరచుకోవడానికి ఈ మాట అనుకుంటానేమో, నాకు తెలియదు.

మూసేద్దామని ఒకసారి గట్టిగానే అనుకున్నాను. వానలకు ముందు, ఒకరోజు షెడ్డు ముందర నలుగురు రైతులుంటే చెప్పాను. "ఈ ఏడు నడపలేనేమోనప్పా."

వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒకాయన మెల్లగా అన్నాడు.

"ఇత్తనాలు తెచ్చుకున్యాం నాయనా. నువ్వుండావనే గదా. ఇప్పుడు ఇట్లంటే ఏం జేయల్ల? ఇంట్లో ఆడోళ్ళు దంచేది ఎప్పుడో ఇడిసిపెట్టిరి. రోళ్ళు గూడా ల్యావు."

నిజమే, అత్త రోలు కూడా దొడ్లో బోర్లా పడి ఉంది. వాళ్ళకు కొర్ర వేయమని నేనెప్పుడూ చెప్పలేదు, కానీ నన్ను చూసే వేశారు. "సరే, ఏదో ఒకటి చేద్దాంలే" అన్నాను. ఏం చేయాలో తెలియనప్పుడు అనే మాట అది. మిల్లు నడుస్తూనే ఉంది.

పోయిన నెల కడపకు పోయాను. ముందు రోజు మిల్లులోకి అడుగు పెట్టలేదు. రెండుసార్లు తలకు పోసుకున్నాను. బీరువాలో మడిచిపెట్టిన చొక్కా వేసుకున్నాను. అత్త కొర్రబియ్యం పంపించాలనుకుంది. నేను ఆడించి ఇచ్చినవాటిని రెండుసార్లు కడిగి, నీడన ఆరబెట్టి, డబ్బాలో పోసి మూత బిగించింది. తినడానికి ఏమీ కాదని డాక్టరమ్మ చెప్పింది. అయినా అత్త కడిగింది.

జిరాక్సు అంగడి చిన్నది. గుంపుగా జనం. వాడు కాగితాలు తిప్పుతూ నన్ను చూసి, చెయ్యెత్తి ఆగమని సైగ చేశాడు. ఒళ్ళు చేశాడు, ముఖం నిగనిగలాడుతోంది. జనం పలచబడ్డాక బయటికి వచ్చాడు. పక్కన హోటల్లో దోసెలు తిన్నాం. జిరాక్సు మిషన్ గురించి చెప్పాడు, పని తేలికేనన్నాడు. యజమాని మంచివాడన్నాడు. చెబుతూ చెబుతూ ఆగి, "ఈ తూరి కొర్ర ఎట్లుండాది?" అని అడిగాడు.

"బాగనే ఉండాది. చేన్లలో కంకి లావుగుండాది."

"నూక ఎక్కువొస్తాందంట గదా. అమ్మ చెప్పింది."

"వస్తాంది."

"తొట్టి కింద తలుపు ఎంత తెరుస్తాండావు?"

చూపించాను, వేళ్ళతో. వాడు నా వేళ్ళు రెండూ పట్టుకుని దగ్గరికి జరిపాడు. "ఇంతే. ఇంతకంటే తెరవద్దు. అప్పుడు సూడు."

చేతులు కడుక్కుని బయటికి వచ్చాక వాడు తల వంచుకుని అన్నాడు.

"బావా, కోతలప్పుడు నాలుగు దినాలు సెలవు అడుగుతా. లోపలికి రాను. చెట్టు కింద కూర్చుంటా. గింజ సూసి చెప్తా, అంతే."

నేను వాడి ముఖం వైపు చూడలేకపోయాను. చెట్టు కింద కూర్చున్నా మూటలు విప్పేది అక్కడే. పొట్టు ఎగిరేది అక్కడికే. "వద్దురా" అన్నాను.

"గాలి ఆపక్క ఉన్నప్పుడే కూర్చుంటా."

"వద్దు."

అంగడి నుంచి పిలిస్తే వాడు పోయి పది కాగితాలు తీసి ఇచ్చి వచ్చాడు. బస్టాండుదాకా నాతో నడిచి వచ్చి, నేను వద్దన్నా టికెట్టుకు క్యూలో వాడే నిలబడ్డాడు. బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే ఉన్నాడు. నిలబడి వాళ్ళ అక్క పిల్లల చదువుల గురించి చెప్పాడు.

మరుసటి పొద్దున షెడ్డుకు పోయేసరికి నలుగురు ఆడవాళ్ళు మూటలతో వచ్చి కూర్చుని ఉన్నారు. తాళం తీస్తుంటే ఒకామె అడిగింది.

"నిన్న ఎందుకు తియ్యలేదప్పా? వచ్చి ఎనక్కి పోతిమి."

"కడపకు పోయింటి పెద్దమ్మా."

"అవునా. పిల్లోడు ఎట్లుండాడు?"

"బాగుండాడు" అన్నాను. ఆమె మూట అందుకుని విప్పాను. తొట్టి కింద తలుపు వాడు చూపించినంతే తెరిచాను. నూక కొంచెం తగ్గింది.